చిల్లి గవ్వ: ఆ గవ్వ ఎక్కడిది?

"చేతిలో చిల్లి గవ్వ లేదు" అనే మాటలోకి గవ్వ ఎందుకు వచ్చిందని నిన్న గ్రూపులో ఒకరు అడిగారు. పిల్లలు ఆడుకునే విలువలేని వస్తువు కాబట్టి అని కొందరు జవాబిచ్చారు. నేను ఒప్పుకోను. విలువలేనివి కావాలంటే గులకరాయి ఉంది, చిల్లపెంకు ఉంది. గవ్వ ఒకప్పుడు డబ్బు. అన్నిటికన్నా చిన్న డబ్బు, అందులోనూ చిల్లి పడ్డది, అది కూడా లేదని చెప్పడం. హిందీవాళ్ల 'ఫూటీ కౌడీ' (పగిలిన గవ్వ) కూడా ఇలాంటిదే.

భాస్కరాచార్యుడి లెక్కల పుస్తకం 'లీలావతి' మొదట్లోనే డబ్బు లెక్క ఇలా ఉంటుంది: "వరాటకానాం దశకద్వయం యత్ సా కాకిణీ తాశ్చ పణశ్చతస్రః". వరాటకమంటే గవ్వ. ఇరవై గవ్వలు ఒక కాకిణి, నాలుగు కాకిణులు ఒక పణం, అంటే పణానికి 80 గవ్వలు. ఇది 12వ శతాబ్దం మాట. 18వ శతాబ్దం చివర్లో ఈస్టిండియా కంపెనీ తరఫున సిల్హెట్ (ఇప్పటి బంగ్లాదేశ్‌లో ఉంది) కలెక్టరుగా పనిచేసిన రాబర్ట్ లిండ్సే, తన జిల్లా శిస్తు గవ్వల్లోనే వసూలయ్యేదని రాశాడు. ఆయన చెప్పిన లెక్కలోనూ పణానికి 80 గవ్వలే, రూపాయికి 5120. ఆరు వందల ఏళ్లలో రాజ్యాలెన్నో మారాయి, ఈ ఎనభై మారలేదు. నాకు ఇది చాలా గొప్పగా అనిపిస్తుంది.

ఇక అసలు సంగతి. "మన సముద్రంలో గవ్వలు లేవా?" అని ఒకరు అడిగారు. ఉన్నాయి. కానీ దొరికిన ప్రతి గవ్వా డబ్బు కాలేదు. డబ్బుగా చెల్లింది చిన్నగా, గట్టిగా, లేత పసుపులో ఉండే ఒక్క రకం. అది కోట్ల లెక్కన దొరికిన చోటు మాల్దీవులు. అక్కడి పగడపు దీవుల మధ్య లోతు తక్కువ నీళ్లు దానికి బాగా సరిపోయాయి. కొబ్బరి మట్టలు నీళ్లలో వేస్తే గవ్వలు వాటిని పట్టుకునేవని పాత అరబ్బు రచనల్లో ఉంది. 1343లో అక్కడికి చేరి కొంతకాలం ఖాజీగా (న్యాయాధికారిగా) పనిచేసిన మొరాకో యాత్రికుడు ఇబ్న్ బతూతా, గవ్వల్ని గోతుల్లో వేసి లోపలి మాంసం కుళ్లిపోయాక పెంకులు తీసేవారని, వాటిని బెంగాల్ వాళ్లకిచ్చి బియ్యం తీసుకునేవారని రాశాడు. నాలుగు లక్షల గవ్వలకు ఒక బంగారు దీనారు. వరి పండని దేశానికి అన్నం పెట్టింది ఈ గవ్వలే. 11వ శతాబ్దపు పండితుడు అల్‌బిరూనీ అయితే ఆ దీవుల్లో కొన్నిటిని గవ్వల దీవులనీ, కొన్నిటిని కొబ్బరి పీచు తాళ్ల దీవులనీ పిలిచాడు.

తర్వాతి కథ చెప్పడానికే మనసు ఒప్పదు. డచ్చివాళ్లు, ఇంగ్లీషువాళ్లు ఇవే గవ్వల్ని ఓడల్లో యూరప్‌కి, అక్కణ్ణించి పశ్చిమ ఆఫ్రికాకి చేర్చి మనుషుల్ని కొన్నారు. అక్కడ గవ్వకి చిల్లి పొడిచి నలభై చొప్పున దారానికి గుచ్చేవారు. ఆ దేశంలో చిల్లి గవ్వ బాగానే చెల్లింది మరి!

మనకు దగ్గరి దారి ఒడిశా. మాల్దీవుల ఓడలు బాలాసోర్ రేవుకి గవ్వలు తెచ్చి బియ్యంతో తిరిగి వెళ్లేవి. ఈస్టిండియా కంపెనీ గవ్వల చెల్లుబాటు తీసేసి శిస్తు వెండి రూపాయల్లోనే కట్టమనడం రైతుల్ని నలిపేసింది. 1817లో ఖుర్దాలో పైకుల (రాజు దగ్గర సైనికులుగా పనిచేసిన రైతుల) తిరుగుబాటుకు ఉన్న కారణాల్లో అదీ ఒకటి. ఒడిశాను ఆనుకునే మన శ్రీకాకుళం ఉంది కాబట్టి, 'చిల్లి గవ్వ' అనే మాట ఆ దారినే వచ్చి ఉండొచ్చని నా ఊహ. ఊహే, పట్టుబట్టను.

ఇచ్ఛాపురం, సోంపేట, పర్లాకిమిడి వైపు వాళ్లు గ్రూపులో ఉంటే ఒక మాట చెప్పండి. మీ ఇళ్లలో పెద్దవాళ్లు 'పణం' అనే మాటను డబ్బుకి కాకుండా ఎనభై అనే లెక్కకి వాడగా విన్నారా? తమలపాకులకో, వక్కలకో, దేనికైనా సరే.