అప్‌డేట్: పల్లెల్లో ఎందుకు ఉండిపోతారు, ఎందుకు తిరిగొస్తారు?

పల్లె మారిపోతున్నా కొందరు ఎందుకు కదలరు, వెళ్లినవాళ్లు ఎందుకు తిరిగొస్తారు అని ఇదివరకు అడిగాను. జవాబిచ్చిన అందరికీ థాంక్స్. "అంతా పని కోసమే" అన్నవాళ్లే ఎక్కువ. వెళ్లేవాళ్ల సంగతికి అది చాలావరకు సరిపోతుంది.

ఒకరు వలసల మీద రాసిన భూగోళ శాస్త్రవేత్త రావెన్‌స్టీన్ పేరు చెప్పారు. ఎక్కువమంది దగ్గరి చోట్లకే వెళ్తారనీ, ప్రతి వలసకూ ఎదురు వలస ఉంటుందనీ ఆయన 1885లోనే రాశారు. అంటే తిరిగి రావడం కొత్త వింతేమీ కాదు.

తిరిగొచ్చినవాళ్లని కొందరిని కదిపి చూశాను. ఎవరూ "మట్టి వాసన" అనలేదు, హమ్మయ్య! ఒకావిడ మంచం పట్టిన తల్లి కోసం వచ్చారట. తల్లి పోయాక వెళ్లిపోదామనుకుంటే, ఈలోగా కూతురు బడిలో కుదురుకుంది. దాంతో ఆగిపోయారు. ఇంకొకాయన ఇంటి నుంచే ఉద్యోగం చేస్తారు. నెట్ సరిగ్గా రాకపోతే మళ్లీ పెట్టె సర్దేస్తానంటున్నారు.

ఉండిపోయినవాళ్లంతా ఇష్టపడి ఉన్నవాళ్లు కారు. వెళ్లాలన్నా చేతిలో కాస్త డబ్బు, అక్కడ తెలిసినవాళ్లు ఉండాలి కదా. అవి లేక ఆగినవాళ్లని కూడా "ఊరంటే ప్రాణం" అని మెచ్చుకుంటున్నాం. నాకది నచ్చలేదు. అలా ఆగిపోయినవాళ్లు ఇక్కడెవరైనా ఉంటే, మీ మాట కూడా రాయండి.