కంట్లో కుట్టు తీయించాలా, జోడు పెట్టి వదిలేయాలా?

గోదారిగట్టు:
అమ్మకు 68 ఏళ్లు. ఏడు వారాల క్రితం శుక్లం ఆపరేషన్ అయింది. శుక్లం బాగా ముదిరి గోధుమరంగుకి తిరగడంతో ఫేకో (చిన్న కోతలోంచి శుక్లాన్ని ముక్కలు చేసి తీసే పద్ధతి) మధ్యలో ఆపి, కోత పెద్దది చేసి 3 కుట్లు వేశారు. ఇప్పుడు చీటీలో సిలిండర్ (కంటి వంపు సమంగా లేక వచ్చే సైటు) మైనస్ 3.5, యాక్సిస్ (దాని దిక్కు చెప్పే కోణం) 180 అని ఉంది. అద్దాలు పెడితే చార్టులో కింది వరసల దాకా చదువుతోంది. డాక్టరుగారు ఒక కుట్టు తీస్తే సైటు తగ్గుతుందంటున్నారు. మా పెదనాన్నేమో "మానిన పుండు కెలకడం దేనికి, జోడు చేయించండి" అంటున్నాడు. మీరేమంటారు?

కాకినాడకాజా:
పెదనాన్నగారి మాటే నాదీ. మా నాన్నగారికి 1994లో ఐదు కుట్లు వేశారు. ఒక్కటీ తీయలేదు. జోడు పెట్టుకుని పేపరు చదువుకుంటూ హాయిగా ఉన్నారు. కంటి లోపలికి ఇన్ఫెక్షన్ వెళ్తే చూపే పోతుంది. సైటు కోసం అంత రిస్కా?

అద్దాలబ్బాయి:
నేను ఆప్టోమెట్రిస్టుని. బస్తా మూతి బిగించి కుడితే అక్కడ గుడ్డ ఎలా ముడుచుకుంటుందో, కుట్టు బిగిస్తే కార్నియా (నల్లగుడ్డు మీది పారదర్శక పొర) కూడా ఆ దిక్కున అలా వంపు తిరుగుతుంది. మైనస్ సిలిండర్ 180 అంటే ఎక్కువ వంపు 90 దగ్గర, అంటే పైనుంచి కిందికి ఉన్నట్టు. కోత పైన వేసి ఉంటే 12 గంటల దగ్గరి కుట్టే కారణం కావచ్చు. యాక్సిస్‌కీ కుట్టుకీ పొంతన లేకపోతే మాత్రం తీసినా లాభం లేదు.

చార్టు చదవడం వేరు, జోడుతో నడవడం వేరు. రెండో కంటికి సిలిండర్ లేకపోతే, ఈ కంటికి 3.5 పెట్టి మెట్లు దిగమంటే పెద్దవాళ్లు తడబడతారు.

కాకినాడకాజా:
మా పిన్నికి ఒకే రోజు రెండు కుట్లు కోసేశారండీ. సైటు పోలేదు సరికదా, అడ్డం తిరిగింది. 180 యాక్సిస్ కాస్తా 90 అయింది. దానికేమంటారు?

అద్దాలబ్బాయి:
తొందరపాటు అంటాను. ఒకటి తీసి, రెండు మూడు వారాలాగి, కెరటోమెట్రీ (కార్నియా వంపు కొలత) మళ్లీ చూసి, అప్పుడే రెండోదాని సంగతి. ఆరు వారాలు నిండకుండా తీసినా గాయం జారి ఇదే గొడవ.

మీ నాన్నగారి సంగతి: అది 10-0 అనే చాలా సన్నని నైలాన్ దారం అయి ఉంటుంది. ఏళ్లు గడిచేకొద్దీ మెల్లగా చివికిపోతుంది. ఆయన అదృష్టం, తెగిన కొస గుచ్చుకోలేదు. గుచ్చుకుంటే కన్ను ఎర్రబడి, పుసి కట్టి, ఇన్ఫెక్షన్‌కి దారి అదే అవుతుంది. వదులైన కుట్టునీ తెగిన కుట్టునీ సైటుతో పని లేకుండా తీసేయాల్సిందే.

గోదారిగట్టు:
తీసేటప్పుడు నొప్పి ఉంటుందా? అమ్మకు సూది అంటేనే టెన్షన్.

అద్దాలబ్బాయి:
మొద్దుబారే చుక్కలు వేసి, అయోడిన్ చుక్కతో శుభ్రం చేసి, స్లిట్ ల్యాంప్ (కంటిని పెద్దదిగా చూపే యంత్రం) ముందు కూర్చోబెట్టే తీస్తారు. సూది మొనతో దారం కోసి, ఫోర్‌సెప్స్‌తో లాగేస్తారు. బయట తేలి ఉన్న దారం గాయం లోపలికి పోకుండా లాగడమే అసలు మెళకువ. తర్వాత కొన్నాళ్లు యాంటీబయాటిక్ చుక్కలు. కన్ను నలపకూడదు. నీళ్లు కారినా, నొప్పి పెరిగినా, చూపు మందగించినా ఆ రోజే వెళ్లాలి.

ఇంకొకటి. ఆపరేషన్‌కి ముందు లెన్స్ పవర్ లెక్కగట్టిన కాగితం ఉంటుంది, అందులో కె1, కె2 (కార్నియా రెండు దిక్కుల వంపు అంకెలు) చూడండి. అసలే అడ్డ సిలిండర్ (ఎక్కువ వంపు అడ్డంగా) ఉన్న కన్నయితే, కుట్టు లాగుడు కొంత మేలే చేస్తోందేమో.

గోదారిగట్టు:
కాగితం దొరికింది. అప్పుడు 43.25, 43.75. ఇప్పుడు 42.5, 46. ఎక్కువది 90 దగ్గరే.

అద్దాలబ్బాయి:
అంటే ముందు తేడా అర డయాప్టరే (సైటు కొలిచే ప్రమాణం). మిగతాదంతా కుట్టు తెచ్చిపెట్టిందే. జోడు ఇప్పుడే చేయిస్తే డబ్బు దండగ, నెలలో మారుతుంది.

కాకినాడకాజా:
సరే, ఆ అంకెలు చూశాక ఒక్కటి తీయించండి. రెండోది మాత్రం మళ్లీ కొలిచి చూపించేదాకా ముట్టుకోనివ్వకండి.