లేసు అల్లిక వచ్చు, సొంతంగా అమ్ముకోవాలనుంది. ఎక్కడ మొదలెట్టాలి?

లేసుకోడలు:
నమస్కారమండీ. మాది నరసాపురం పక్కన పల్లె. పెళ్ళయి వచ్చాక మా అత్తగారి దగ్గర లేసు నేర్చుకున్నాను. ఆవిడైతే టీవీ చూస్తూనే పువ్వు అల్లేస్తారు. ఏజెంటు దారం ఇచ్చిపోతాడు, అల్లినవి పట్టుకుపోతాడు. వచ్చే కూలి పిల్లాడి ట్యూషనుకి కూడా చాలదు. మా సరుకు మేమే అమ్ముకోవాలని నా కోరిక. డైరీలో రాసుకున్నాను, ఒక పేరు పెట్టాను, మా మరిది లోగో కూడా గీసిచ్చాడు. రోజూ పొద్దున్నే ఆ రాసుకున్నది చదవమని ఓ వీడియోలో చెప్తే చదువుతున్నాను. సంక్రాంతికి మొదలెడదామంటే ఆడపడుచులొచ్చారు, ఉగాదికంటే పిల్లాడి పరీక్షలు. లోను తీసుకుంటే కదులుతానా?

గోదారిగట్టు:
తీసుకోండి. చిన్న వ్యాపారాలకి ఇచ్చే ప్రభుత్వ పథకం ముద్ర లోనులో, శిశు అనే మొదటి మెట్టు కింద 50,000 దాకా ఇస్తారు. నెత్తిన కిస్తీ ఉంటే అదే కదిలిస్తుంది.

పాలకొల్లు పిన్ని:
అమ్మాయ్, ఆయన మాట విని బ్యాంకుకి పరిగెత్తకు. ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టు లోగోదాకా వచ్చేశావు గానీ, డబ్బిచ్చి ఒక్క ముక్క కొన్న మనిషి ఇంకా లేరు కదా!

డైరీ చదువుకో, వద్దనను. దాని పక్క పేజీలో మాత్రం ఒక లెక్క రాయి. ఒక ముక్కకి దారం ఎంతైంది, సూది పట్టుకున్న సమయం ఎంత. పాలు పొంగాయని లేచింది తీసెయ్. మిషనరీలు మన వైపు ఈ పని నేర్పిన కాలం నుంచీ ఎవరూ కట్టని లెక్క అదే. "ఖాళీగా ఉన్నప్పుడు చేసిందేగా" అంటారు. కళ్ళు లాగేస్తుంటే ఖాళీ ఏంటి, నా మొహం!

పెద్ద టేబుల్ కవరు జోలికి పోకు. అందులో చేతిపని నీకొచ్చినా ముక్కలన్నీ కలిపే అతుకుపనికి ఇంకొకరు కావాలి, అది పూర్తయ్యేదాకా డబ్బంతా ఇరుక్కుంటుంది. గ్లాసుల కింద పెట్టే ముక్కలు ఆరు అల్లు. ఉతికి, పల్చటి గంజి పెట్టి, గుండుసూదులతో గుండ్రంగా పట్టించి ఆరబెట్టు. ఫోటో ట్యూబులైటు కింద వద్దు. పొద్దున్న అరుగు మీద ముదురు నీలం చీర పరిచి తియ్యి, తెల్లదారం అప్పుడే తేలుతుంది.

చుట్టాలకి చూపించకు. బావుందని మెచ్చుకుని ఊరికే పట్టుకుపోతారు. బయటివాళ్ళకి చూపించు. భీష్మ ఏకాదశికి అంతర్వేది తీర్థం ఉంది కదా, నరసాపురంలో గోదారి దాటించే పంటు ఎక్కితే సఖినేటిపల్లి రేవు, అక్కణ్ణుంచి అంతర్వేది. తీర్థంలో బేరాలే ఎక్కువ, లేసుకి డబ్బు పెట్టేవాళ్ళు తక్కువే. అయినా జనం ఏ డిజైను చేతిలోకి తీసుకుంటున్నారో, ధర విని ఏది కింద పెడుతున్నారో చూసిరా.

నెట్‌సెంటర్ బాబాయ్:
కాగితాల సంగతి నేను చెప్తాను. చిన్న వ్యాపారాలకి ప్రభుత్వం చేసే ఉద్యమ్ నమోదు ఉచితం, ఎవరైనా డబ్బులడిగితే ఇవ్వకండి. కేంద్ర జౌళి శాఖ వాళ్ళ హస్తకళల విభాగంలో పెహచాన్ కార్డుకి, అంటే చేతిపనివాళ్ళ గుర్తింపు కార్డుకి పెట్టుకోండి. వాళ్ళ ఎగ్జిబిషన్లలో స్టాలు అడగడానికి అది పనికొస్తుంది. ఆన్‌లైన్ అంగళ్ళలో 2023 అక్టోబరు నుంచి చిన్నవాళ్ళు జీఎస్టీ నంబరు లేకుండా కూడా అమ్ముకోవచ్చు, కాకపోతే మన రాష్ట్రం లోపలే. ఇంకోటి, నరసాపురం లేసుకి 2024లో జీఐ గుర్తింపు (ఫలానా ఊరి సరుకని ఇచ్చే గుర్తింపు) వచ్చిందని ఆ ముద్ర మీ కవర్ల మీద వేసేసుకోకండి. దానికి అధీకృత వినియోగదారుగా విడిగా నమోదవ్వాలి.

లేసుకోడలు:
పిన్నిగారూ, గడియారం దగ్గర పెట్టుకుని అల్లానండీ. ముక్కకి గంటంపావు పట్టింది, దారం పది రూపాయలైంది. మా అత్తగారు అది చూసి "ఇన్నాళ్ళూ ఈ లెక్కెందుకు వెయ్యలేదే" అని ఏజెంటుని తిట్టడం మొదలెట్టారు. ఎంత చెప్పమంటారు?

పాలకొల్లు పిన్ని:
గంటకి యాభై వేసుకో. ముక్క డెబ్భై రెండున్నర, ఆరూ కలిపి నాలుగొందల ముప్ఫై ఐదు. ఐదొందలు చెప్పు, నాలుగొందల యాభై దాకా దిగు, ఆ కింద వద్దు. ఆ ధరకి ఎవరూ తీసుకోకపోతే నీ రేటు తగ్గించకు, త్వరగా అయ్యే ఇంకో డిజైను చూడు. మీ అత్తగారిని ఏజెంటు మీదికి ఇప్పుడే వదలకు, అమ్మకాలు నిలబడేదాకా అతనిచ్చే పని కూడా కావాలి మనకి.