పారిస్ ఫ్లోర్ కాంస్యం: జోర్డన్ నుంచి వెనక్కి తీసుకోవడం న్యాయమేనా?

భారతి_వైజాగ్:
2024 ఆగస్టు 5 నాటి పారిస్ ఒలింపిక్స్ జిమ్నాస్టిక్స్ ఫ్లోర్ ఫైనల్ మళ్లీ చూశాను. రెబెకా ఆంద్రాదెకి 14.166తో స్వర్ణం, బైల్స్‌కి 14.133తో రజతం. వాటితో పేచీ లేదు. చివరగా దిగిన అమెరికా అమ్మాయి జోర్డన్ చైల్స్‌కి ముందు 13.666 వేశారు, ఐదో స్థానం. గాల్లోకి ఎగిరే ఒక లీప్‌కి కష్టత మార్కు కలపలేదని కోచ్ అడిగితే జడ్జీలు మళ్లీ చూసి 13.766 చేశారు, కాంస్యం వచ్చింది. ఐదు రోజులకి క్రీడా ఆర్బిట్రేషన్ కోర్టు ఆ విన్నపం 64వ సెకనులో వచ్చిందని కొట్టేసింది. పిల్ల చేసిన లీప్ చేసినట్టే ఉంది కదా, మార్కు ఎలా పోతుంది?

గుంటూరు నాన్న:
గడువు ఒక్క నిమిషం. 64 అంటే దాటింది. ఇందులో చర్చేముంది?

చందు:
రొమేనియా అమ్మాయి సబ్రీనా గీత దాటలేదు. దాటిందని 0.1 కోసేశారు. అది కలిపితే 13.800, కాంస్యం ఆమెదే. ఆ మాట ఎవరూ ఎత్తరేం?

భారతి_వైజాగ్:
నాన్నగారూ, గడువు చూసుకోవాల్సింది ఎవరు? ఆలస్యమైతే అక్కడికక్కడే ఆపే ఏర్పాటు అంతర్జాతీయ జిమ్నాస్టిక్స్ సమాఖ్యకి లేదని తీర్పే చెప్పింది. తీసుకున్నారు, చూశారు, పతకం మెడలో వేశారు. 47వ సెకనుకే అడిగినట్టు వీడియో ఉందని అమెరికా సమాఖ్య అంటే, కేసు తిరిగి తెరవం అన్నారు.

గుంటూరు నాన్న:
మరి రొమేనియా పిల్ల ఆనా బార్బోసు? 13.700తో మూడో స్థానమని జెండా పట్టుకుని సంబరపడుతోంది. బోర్డు మారగానే జెండా వదిలేసి, నోటికి చేతులు అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ పిల్ల చేసిన తప్పేంటి?

ఎల్బీ_స్టేడియం:
2004 ఏథెన్స్ గుర్తుందా? దక్షిణ కొరియా ఆటగాడు యాంగ్ తే-యంగ్‌కి పారలల్ బార్స్‌లో ప్రారంభ విలువ (రాగల గరిష్ఠ మార్కు) 10 బదులు 9.9 వేశారు. ముగ్గురు జడ్జీలని సస్పెండ్ చేశారు. అయినా సమయానికి అడగలేదని ఫలితం మార్చలేదు, స్వర్ణం అమెరికా ఆటగాడు పాల్ హామ్‌కే ఉండిపోయింది.

గుంటూరు నాన్న:
చూశారా! అప్పుడు ఆలస్యం అమెరికాకి కలిసొచ్చింది, ఎవరూ నోరెత్తలేదు.

భారతి_వైజాగ్:
నాకు దేశాలతో పనిలేదు. మా పాప జిల్లా పోటీల్లో బీమ్ మీద చేసిన ఎలిమెంట్ లెక్కలో పడలేదు. సార్ అడగబోతే టైమైపోయిందన్నారు. తొమ్మిదేళ్లయింది. ఇప్పటికీ "నేను చేశాను కదమ్మా" అంటుంది. మీకు కాగితం మీది సెకన్లే కనిపిస్తున్నాయి. పిల్లల్ని పెంచిన మనిషి మాట్లాడే మాటలేనా ఇవి?

గుంటూరు నాన్న:
పెంచాను కాబట్టే అంటున్నాను. మా అమ్మాయి ఎంసెట్ రోజు బస్సు ఆలస్యమైంది. నిమిషం నిబంధన అని గేటు వేసేశారు. నేను చేతులెత్తి దండం పెట్టాను. లోపల గోడ గడియారం నాకు కనిపిస్తూనే ఉంది. అందరికీ ఒకటే రూలు అన్నారు. ఏడాది పోయింది. ఇప్పుడు పెద్ద దేశం పిల్లకి నాలుగు సెకన్లు వదిలేయమంటే, ఆ గేటు మా కోసమే వేసినట్టు కాదా?

భారతి_వైజాగ్:
అన్నగారూ, ఆ మాట ముందే చెప్పాల్సింది. అలా అన్నందుకు క్షమించండి. ఆ గేటు వేయడమే తప్పు. కానీ జోర్డన్‌ని గేటు తీసి లోపలికి రానిచ్చారు, ఫలితం కూడా చెప్పారు. ఆ తర్వాత బయటికి లాగారు.

గుంటూరు నాన్న:
రానిచ్చినవాళ్లదే తప్పు. దానికి పక్క పిల్ల సీటు పోవాలా?

భారతి_వైజాగ్:
అక్కర్లేదు. ముగ్గురికీ ఇచ్చినా చాలని రొమేనియా సమాఖ్యే కోర్టులో అడిగింది.

చందు:
ఆ ముగ్గురిలో సబ్రీనా ఉంది.

గుంటూరు నాన్న:
ముగ్గురికీ ఇస్తే నాకు అభ్యంతరం లేదు. 64 మాత్రం 60 కాదు.