సొంత వర్క్‌షీట్లు నెట్‌లో పెట్టాలంటే ఏ లైసెన్సు పెట్టాలి?

గోదారి_సైన్సు_మాస్టారు

అందరికీ నమస్కారం. జిల్లా పరిషత్ హైస్కూల్లో ఫిజికల్ సైన్స్ చెప్తాను. ఘర్షణ, బలం, ధ్వని, కాంతి పాఠాలకి చాన్నాళ్ళుగా సొంతంగా వర్క్‌షీట్లు చేసుకుంటున్నా. మచ్చుకి ఒకటి చెప్తా: కొబ్బరికాయల సంచిని గచ్చు మీద ఈడ్చి, తర్వాత కింద పైపు ముక్కలు పెట్టి లాగి, రెండుసార్లూ స్ప్రింగ్ త్రాసు ఎంత చూపించిందో పిల్లలు పట్టికలో రాయాలి. పక్క మండలాల టీచర్లు వాట్సాప్‌లో అడుగుతుంటారు, పంపుతుంటాను. మొన్న అదే షీటు నా పేరు తీసేసి, పైన ఒక కోచింగ్ సెంటర్ లోగో వేసి, ఎవరో నాకే ఫార్వర్డ్ చేశారు!

ఇక అన్నీ ఒకచోట క్రియేటివ్ కామన్స్ (సీసీ) లైసెన్సుతో, అంటే ఫలానా షరతుల మీద ఎవరైనా వాడుకోవచ్చని ముందే రాసిచ్చే అనుమతితో, పెట్టేద్దామనుకుంటున్నా. వ్యాపారానికి వాడకూడదు అనే ఎన్‌సీ షరతు పెట్టాలా వద్దా? బొమ్మలు కొన్ని గూగుల్లోవి, కొన్ని ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకాల్లోవి, ఆ పుస్తకాలు ఎలాగూ ఫ్రీగా డౌన్‌లోడ్ అవుతాయి కదా, పర్లేదా? ఇంకోటి, ప్రభుత్వ ఉద్యోగిని, ఎవరి పర్మిషన్ అయినా తీసుకోవాలా?

వికీ_పిచ్చోడు

మాస్టారూ, ఎన్‌సీ వద్దు. బై-ఎస్‌ఏ పెట్టండి, అంటే నా పేరు చెప్పు, మార్చి పంచితే నువ్వూ ఇదే లైసెన్సుతో పంచు అని. మీ పేరు పీకేసినవాడు ఏ లైసెన్సు ఉన్నా తప్పే చేశాడు, అసలు లైసెన్సే లేకపోయినా తప్పే. ఎన్‌సీ అనే రెండక్షరాలు చూసి ఆగే రకం కాదు వాడు. ఆగేది ఎవరంటే నిబంధనలు చదివే మంచివాళ్ళు. వికీపీడియా బొమ్మలు దాచే వికీమీడియా కామన్స్ ఎన్‌సీ ఉన్న ఫైళ్ళు తీసుకోదు, కాబట్టి మీరు గీసిన బొమ్మ తెలుగు వికీపీడియా వ్యాసంలోకి ఎక్కే దారి కూడా మూసుకుపోతుంది. ఎస్‌ఏ ఉంటే లాభం ఏంటంటే, రేపు ఎవడైనా మీ షీట్లని మార్చి పుస్తకం వేసి అమ్ముకున్నా, ఆ మార్చిన షీట్లని వేరేవాళ్ళు జిరాక్స్ తీసుకుంటే వాడు నోరెత్తడానికి లేదు. పిల్లల పుస్తకాలు వేసే ప్రథమ్ బుక్స్ వాళ్ళు 2015లో స్టోరీవీవర్ అనే కథల సైటు మొదలుపెట్టినప్పుడు కథలన్నీ ఇంతకన్నా వదులైన సీసీ బై కింద, అంటే పేరు చెప్తే చాలు అని, పెట్టారు, అమ్ముకున్నా సరే అని. అందుకే ఇవాళ తెలుగులో కూడా అన్ని కథలు దొరుకుతున్నాయి.

బెజవాడ_టీచరమ్మ

వికీ గారూ, మీరు ఎప్పుడూ ఇదే పాట. నా మెటీరియల్ గైడ్లు అచ్చేసేవాళ్ళ చేతికి పోవడం నాకిష్టం లేదు, అందుకే బై-ఎన్‌సీ-ఎస్‌ఏ పెట్టుకున్నా. నెట్‌లో ఉచితంగా పాఠాలు చెప్పే ఖాన్ అకాడమీ కూడా అదే వాడుతుంది. ఎన్‌సీ పెడితే జిరాక్స్ షాపువాడు కూడా తీయకూడదేమో అని కొందరికి అనుమానం. అమెరికాలో సరిగ్గా ఇదే గొడవ కోర్టుకెక్కింది. గ్రేట్ మైండ్స్ అనే సంస్థ లెక్కల పాఠాలు ఎన్‌సీ లైసెన్సుతో పెట్టింది, స్కూళ్ళు ఫెడెక్స్ షాపుల్లో డబ్బులిచ్చి కాపీలు తీయించుకున్నాయి, గ్రేట్ మైండ్స్ ఫెడెక్స్ మీద కేసు వేసింది. 2018లో అప్పీలు కోర్టు ఏమందంటే, స్కూలు తరఫున కాపీ తీసిపెట్టినంత మాత్రాన షాపు లైసెన్సు దాటినట్టు కాదు అని. మన కోర్టులు ఆ తీర్పుకి కట్టుబడి ఉండక్కర్లేదు గానీ, చెప్పిన కారణం సబబుగానే ఉంది.

అన్నట్టు మాస్టారూ, మీ షీట్లలో తెలుగు వికీపీడియా పేరాలు తీసుకుని మార్చి రాసినవి ఉన్నాయా? ఉంటే ఆ షీటుకి ఎన్‌సీ పెట్టే హక్కు మీకు లేదు, వికీపీడియా రాత బై-ఎస్‌ఏ కాబట్టి మీదీ బై-ఎస్‌ఏ అవ్వాల్సిందే. ఇక మార్చకూడదు అనే ఎన్‌డీ మాత్రం దయచేసి పెట్టకండి, టీచర్‌కి అది దండగ.

కోర్టు_పక్షి

లైసెన్సు సంగతి ఏమైనా, ముందు బొమ్మల పని పట్టండి. గూగుల్లో దొరికింది అంటే హక్కులు లేనిదని కాదు. ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకం ఫ్రీగా దిగుతుంది నిజమే, కానీ హక్కులు వాళ్ళవే. అనుమతి లేకుండా తమ పుస్తకాల్లోది వాడుకునే పబ్లిషర్లని 2024లో గట్టిగానే హెచ్చరించారు. క్లాసులో వాడుకోవడం వేరు. 1957 కాపీరైట్ చట్టం 52వ సెక్షన్ బోధన కోసం టీచర్ కాపీ చేసుకోవచ్చంటుంది. ఢిల్లీ యూనివర్సిటీ జిరాక్స్ షాపు కేసులో 2016లో హైకోర్టు దీన్ని బాగా విశాలంగానే చదివింది. కానీ అదే బొమ్మని నెట్‌లో పెట్టి, ఎవరైనా వాడుకోండి అని లైసెన్సు ఇవ్వడం వేరే కథ. మనది కానిదాన్ని మనం ఎలా దానం చేస్తాం?

కాబట్టి కప్పీ, దర్పణం, కిరణ చిత్రం లాంటివి మీరే గీసేయండి. చట్టం కాపాడేది ఆ గీసిన బొమ్మని, అందులోని సైన్సుని కాదు. పిల్లలచేత గీయిస్తే ఇంకా మంచిది, కాకపోతే బొమ్మ హక్కు ఆ పిల్లలదే, తల్లిదండ్రుల దగ్గర ఒక కాగితం మీద సంతకం తీసుకోండి. కామన్స్‌లోది వాడితే కిందే ఇలా రాయండి: "చిత్రం పేరు, గీసినవారి పేరు, వికీమీడియా కామన్స్, సీసీ బై-ఎస్‌ఏ 4.0, తెలుగు పేర్లు చేర్చాం", లింకు కూడా పెట్టండి. చివర్లో 'సౌజన్యం: ఇంటర్నెట్' అని రాస్తే ఎందుకూ పనికిరాదు.

ఉద్యోగం సంగతి: డిపార్ట్‌మెంట్ పురమాయించి చేయించిన పనైతే, వేరే ఒప్పందం లేకపోతే, హక్కు ప్రభుత్వానిది, 17వ సెక్షన్. ఇంటి దగ్గర మీ అంతట మీరు చేసుకున్నది అందులోకి రాదనే నా అభిప్రాయం. అయినా హెచ్ఎం గారికి ఒక లెటర్ ఇచ్చి కాపీ దాచుకోండి, తర్వాత టెన్షన్ ఉండదు.

నల్లగొండ_లెక్కలు

సార్, మీరందరూ లైసెన్సు గురించే మాట్లాడుతున్నారు, ఫైలు ఎలా ఉందో ఎవ్వరూ అడగలే. మన టీచర్ల మెటీరియల్ సగం పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో ఉంటది. ఆ ఫాంటు లేని కంప్యూటర్‌లో తెరిస్తే తెలుగు బదులు పిచ్చి గుర్తులు, ఫోన్‌లో అయితే ఇక చెప్పక్కర్లేదు, వెతికినా దొరకదు. ఏ కంప్యూటర్‌లోనైనా, ఫోన్‌లోనైనా తెలుగు తెలుగులాగే కనిపించే యూనికోడ్‌లోకి మార్చండి, మార్చినాక ఒత్తులు ఒక్కొక్కటి చూస్కోండి, 'ఘర్షణ'లో ఒత్తు ఎగిరిపోయిన కాగితాలు మస్తు చూసిన. ఫాంటు మండలి, రామభద్ర, నోటో సాన్స్ తెలుగు, ఏదైనా పర్లేదు, మూడూ ఓపెన్ ఫాంట్ లైసెన్సే, అంటే ఎవరైనా ఉచితంగా వాడుకోవచ్చు. పీడీఎఫ్ ఒక్కటే కాకుండా లిబ్రెఆఫీస్ ఫైలు కూడా పెట్టండి. మా పిల్లలకి కొబ్బరికాయల సంచి తీసేసి పత్తి బస్తా పెట్టుకోవాలె నేను, పీడీఎఫ్ ఇస్తే మళ్ళా మొత్తం టైపు కొట్టాలె. మార్చుకోమని లైసెన్సు ఇచ్చి మార్చరాని ఫైలు ఇస్తే ఏం లాభం?

గోదారి_సైన్సు_మాస్టారు

అందరికీ థాంక్స్. మావి అను ఫాంట్లే, ఎలా కనిపెట్టేశారండీ! ఒక్క డౌటు, ఇప్పుడు బై-ఎస్‌ఏ పెట్టి రేపు మనసు మారితే వెనక్కి తీసుకోవచ్చా?

కోర్టు_పక్షి

కుదరదు. మీరు పంచడం మానేయొచ్చు, ఇప్పటికే తీసుకున్నవాళ్ళకి ఆ హక్కు ఉండిపోతుంది. అందుకే మొత్తం ఒకేసారి కుమ్మరించకండి.

గోదారి_సైన్సు_మాస్టారు

సరే, ఘర్షణ షీట్లు మాత్రం ముందు బై-ఎస్‌ఏతో పెడతా, టీచరమ్మ గారు ఏమనుకోవద్దు. కాంతి పాఠానివి బొమ్మలు మళ్ళీ గీశాకే. నల్లగొండ సార్, పత్తి బస్తా షీటు తయారయ్యాక నాకూ ఒకటి పంపండి.