వేసవి ముందుగా వచ్చే చోటు: ఒక రైల్వే పోస్టరు వాక్యానికి తెలుగు

ప్రశ్న

సభ్యులందరికీ నమస్కారం. రెండు ప్రపంచ యుద్ధాల నడుమ బ్రిటన్‌లో వెలువడిన వాణిజ్య పోస్టర్ల గురించి తెలుగులో ఒక దీర్ఘవ్యాసం రాస్తున్నాను. లండన్ భూగర్భ రైలు సంస్థ, నాలుగు పెద్ద రైల్వే కంపెనీలు, షెల్ పెట్రోలు కంపెనీ ఆ రోజుల్లో వేయించిన బొమ్మలను వర్ణించడం నాకు కష్టం కాలేదు కాని, వాటి మీది వాక్యాలు మాత్రం తెలుగుకు లొంగడం లేదు. అన్నింటికన్నా ఎక్కువగా ఇబ్బంది పెట్టినది 1936 నాటి సదరన్ రైల్వే పోస్టరు. వాటర్లూ స్టేషనులో చార్లెస్ ఇ. బ్రౌన్ తీసిన ఫొటో అది. పెట్టె పట్టుకున్న చిన్న పిల్లవాడు ప్లాట్‌ఫారం మీద నిలబడి, ఇంజనులోంచి వంగి చూస్తున్న ఉద్యోగితో తలెత్తి మాట్లాడుతూ ఉంటాడు. ఆ పిల్లవాడి మాటగా అచ్చు వేసిన వాక్యం ఇది: "ఐయామ్ టేకింగ్ యాన్ అర్లీ హాలిడే కాజ్ ఐ నో సమ్మర్ కమ్స్ సూనెస్ట్ ఇన్ ది సౌత్."

దీనిని నేను "దక్షిణంలో వేసవి అన్నిచోట్లకన్నా ముందుగా వస్తుందని తెలుసు కాబట్టి నేను ముందే సెలవులకు వెళ్తున్నాను" అని రాసుకున్నాను. వ్యాకరణం సరిగానే ఉంది, మాటకు మాట సరిపోయింది. అయినా చదివి వినిపిస్తే మా అమ్మ, "పాపం, ఎండలు ముదరకముందే ఊరు విడిచి పోతున్నాడా పిల్లవాడు?" అని అడిగింది. పోస్టరు చెప్పదలచినదానికి ఇది సరిగ్గా తలకిందులు. లోపం ఏ మాటలో ఉందో పెద్దలు చెప్పగలరా?

సమాధానం

మీ అమ్మగారు పొరబడలేదండీ. ఆమె విన్న తెలుగు వాక్యానికి ఆ అర్థమే వస్తుంది. లోపం "వేసవి" దగ్గరే ఉంది. ఈ మాట మూలంలోనే కాలడం ఉంది. వేడి, వేగడం, వేచడం, వేపుడు అనే మాటల్లో ఉన్న "వే" ధాతువే వేసవిలోనూ, వేసంగిలోనూ ఉందని నిఘంటుకారులు చెబుతారు. ఇంగ్లీషు "సమ్మర్" వేరే వంశానికి చెందినది. దాని మూలరూపానికి సంస్కృతంలోని "సమా" అనే మాటతో చుట్టరికం ఉంది. "శతం సమాః" అన్నప్పుడు నూరేళ్ళు అని మనం చెప్పుకునే మాట అదే. అంటే సమ్మర్‌లో వేడిమి పుట్టుకతో వచ్చిన అర్థం కాదు; అది కాలాన్ని, ఋతువును చెప్పే మాట. ఇంగ్లీషు కవులు మనిషి వయస్సును ఇన్ని సమ్మర్లని లెక్కపెడతారు. మనవాళ్ళు దీవించేటప్పుడు నూరు శరత్తులు బ్రతకమన్నారు. ఏ జాతికి ఏ ఋతువు హాయిగా ఉంటుందో ఆ ఋతువుతోనే ఆయుస్సును కొలుచుకున్నట్టు నాకు తోస్తుంది.

జూలై నెలలో లండన్ పగటి గరిష్ఠ ఉష్ణోగ్రత సగటున 23 డిగ్రీలకు కాస్త అటూ ఇటూగా ఉంటుంది. రెంటచింతలలోనో రామగుండంలోనో మే నెల మధ్యాహ్నం 45 డిగ్రీలు చూసినవాళ్ళకు ఆ అంకె మాఘమాసపు ఉదయాన్ని గుర్తుచేస్తుంది. ఈ తేడా ఎంత లోతుగా పాతుకుపోయిందో "వేసవి విడిది" అన్న మాట ఒక్కటి చాలు చూపడానికి. ఇంగ్లీషులో "సమ్మర్ రిసార్ట్" అంటే సమ్మర్‌ను ఎదురేగి కలుసుకునే చోటు. మనం దానికి సమానార్థకంగా వేసవి విడిది అని వాడుకుంటాం కాని, మన భాషలో అది వేసవి నుంచి తప్పించుకొని తలదాచుకునే చోటు. నిఘంటువులో ఈ రెండూ ఒకే గీతకు అటూ ఇటూ కూర్చుంటాయి, కాని ఒకటి ఎండకు ఎదురుగా నడుస్తుంది, రెండోది ఎండకు వీపు చూపి నడుస్తుంది. మీ అమ్మగారు ఆ పిల్లవాడి చేతిలోని పెట్టెను రెండో దారిలో చూశారు.

పోస్టరు పుట్టిన పరిస్థితిని కూడా కాస్త చెప్పుకోవాలి, ఎందుకంటే "అర్లీ హాలిడే" అన్న మాట అందులోంచే వచ్చింది. 1921 నాటి చట్టం ప్రకారం బ్రిటన్‌లోని రైల్వే కంపెనీలలో అత్యధికం 1923 జనవరి 1 నుంచి నాలుగు పెద్ద కంపెనీలుగా కలిసిపోయాయి. ప్రయాణికులను ఆకర్షించడానికి ఒక్కొక్క కంపెనీ తన ప్రాంతపు వాతావరణాన్నే సరుకుగా అమ్మవలసి వచ్చింది. బ్రైటన్, బోర్న్‌మత్, హేస్టింగ్స్ వంటి దక్షిణ తీరపు పట్టణాలు సదరన్ కంపెనీ దారిలో ఉన్నాయి కనుక, ఆ కంపెనీ ఎండను అమ్మింది. జనమంతా జూలై, ఆగస్టు నెలల్లోనే సముద్రతీరాలకు ఎగబడితే రైళ్ళు చాలవు, మిగతా నెలల్లో పెట్టెలు ఖాళీగా తిరుగుతాయి. అందుచేత మే, జూన్ నెలల్లోనే బయలుదేరమని ప్రోత్సహించడం కంపెనీలకు అవసరమయింది. కాబట్టి "ముందే" అంటే రద్దీ నెలలకు ముందే అని అర్థం. మీ వాక్యంలో "ముందుగా", "ముందే" రెండూ పక్కపక్కన రావడంవల్ల ఈ సంగతి చెదిరిపోయింది.

పొరుగు కంపెనీల వాక్యాల్లోనూ ఇదే చిక్కు ఉంది. తూర్పు తీరం చేతిలో ఉన్న లండన్ అండ్ నార్త్ ఈస్టర్న్ రైల్వే తన ప్రాంతాన్ని "ది డ్రయర్ సైడ్" అని చెప్పుకుంది. పడమటి గాలులు తెచ్చే వాన చాలావరకు పెనైన్ కొండల అవతలే కురిసిపోతుంది కనుక తూర్పున తడి తక్కువ. భూగోళశాస్త్రంలో అది వర్షచ్ఛాయా ప్రాంతం. అనంతపురానికి పాఠ్యపుస్తకాలు వాడే మాట కూడా ఇదే. "పొడిగా ఉండే వైపు" అన్న మాట చూసి రాయలసీమ రైతు టిక్కెట్టు కొనడు. అదే కంపెనీకి 1931లో టామ్ పర్విస్ "ఈస్ట్ కోస్ట్ జాయ్స్" పేరుతో గీసిన ఆరు పోస్టర్లు ఉన్నాయి. పక్కపక్కన అంటిస్తే ఆరూ కలిసి ఒకే సముద్రతీరంగా పరుచుకుంటాయి. మనుషులకు అంచుగీతలు ఉండవు, ముఖాల్లో వివరాలు ఉండవు. చదునైన రంగు పక్కన చదునైన రంగు పెట్టి, ఆ రెంటి హద్దులోంచే శరీరాన్ని పుట్టించాడు. ఆ ఆరింటిలో ఒకటి సన్‌బేదింగ్. దానిని "సూర్యస్నానం" అంటే ప్రకృతి చికిత్సాలయం గుర్తుకు వస్తుంది, "ఎండలో పడుకోవడం" అంటే శిక్షలా వినిపిస్తుంది. అంత ఆనందం నిండిన బొమ్మకు అలాంటి పేరు పెట్టడానికి నాకు మనసు రాదు.

తర్జుమాకు ఏమాత్రం ఇబ్బంది పెట్టని వాతావరణ వాక్యాలు కూడా ఆ కాలంలో ఉన్నాయి. 1908 నుంచి లండన్ భూగర్భ రైలు ప్రచారాన్ని చూసుకున్న ఫ్రాంక్ పిక్ ఎందరో చిత్రకారులకు పని ఇచ్చాడు. వారిలో ఆస్టిన్ కూపర్ 1920లలో గీసిన రెండు పోస్టర్లు నాకు ఎంతో ఇష్టం. ఒకదాని అర్థం "కింద వెచ్చగా ఉంది", రెండోదాని అర్థం "కింద చల్లగా ఉంది". చలికాలానికి ఒకటి, ఎండలకు ఒకటి. అందులో రైలు లేదు, మనిషి లేడు. కేవలం రంగుల ఆకారాలే వెచ్చదనాన్నీ చల్లదనాన్నీ చెబుతాయి. వాటి మీది మాటలు ఏ దేశపు ఒంటికైనా తెలిసినవే కనుక తెలుగులో అలాగే నిలుస్తాయి. కష్టమంతా ఋతువు పేరుతోనే. వెచ్చన, చల్లన అనేవి శరీరానికి సంబంధించినవి. వేసవి అనేది ఒక నేల మీద బ్రతికినవాళ్ళందరి జ్ఞాపకం.

అందుచేత నా సూచన ఇది. ఋతువు పేరును వదలి, ఎండలోని హాయిని చెప్పే మాటను పట్టుకోండి. మనకు "నీరెండ" ఉంది. లేత ఎండకు ఇంత చక్కని పేరు ఇంకే భాషలో ఉందో నాకు తెలియదు. "నీరెండ ముందుగా దిగేది దక్షిణ తీరానికే" అని చూడండి. దక్షిణమన్న మాట గురించి మాత్రం భయపడనక్కరలేదు. మన ఇళ్ళలో అది యముడి దిక్కే కాని, కావ్యాల్లో మలయపర్వతం నుంచి చందనపు వాసనతో వచ్చే దక్షిణానిలం కూడా ఆ దిక్కుదే. హాయికి ఆ దిక్కుతో మన భాషలోనూ పాత స్నేహం ఉంది.

అభ్యంతరం

గురువుగారి వివరణ అంతా అంగీకరిస్తూనే, చివరి సూచనతో నేను ఏకీభవించలేకపోతున్నాను. నీరెండ పూటకు సంబంధించిన మాట. అది ఉదయమో సాయంత్రమో కాసేపు ఉండి వెళ్ళిపోతుంది. పోస్టరు వాగ్దానం చేస్తున్నది వారాల తరబడి ఉండే ఒక ఋతువును. ఇసుక మీద పిల్లలు ఆడుకునే ఆ వెలుగు పట్టపగటి వెలుగే. పైగా ఇది చరిత్ర వ్యాసం. రైల్వే కంపెనీ సమ్మర్ అనే ఋతువునే అమ్మింది అన్నది అక్కడి అసలు విషయం కనుక, తర్జుమాలో ఆ ఋతువే కనిపించకపోతే పాఠకుడికి అన్యాయం జరుగుతుంది. "వసంతం" అని మార్చమని కూడా కొందరు సలహా ఇవ్వవచ్చు. అది మరీ ప్రమాదం. అక్కడి వసంతం ఇంకా చలిగానే ఉంటుంది, మన చైత్ర వైశాఖాలు అప్పటికే మాడుతూ ఉంటాయి. అటు నిజమూ దక్కదు, ఇటు హాయీ దక్కదు.

ఇంకొక సంగతి. ఇంగ్లీషు వాక్యంలో "సమ్మర్, సూనెస్ట్, సౌత్" అని సకారం మూడుసార్లు మోగుతుంది. ఆనాటి పోస్టరు వాక్యాలలో నాదం అలంకారంకోసం వచ్చి చేరినది కాదు. ప్లాట్‌ఫారం మీద ఒక్కసారి చదివినవాడికి ఇంటిదాకా గుర్తుండేది ఆ మోతవల్లే. 1935 నుంచి గిల్‌రాయ్ బొమ్మలతో వచ్చిన "మై గుడ్‌నెస్, మై గిన్నెస్" అన్న బీరు ప్రకటనలో అయితే ఆ మోత తప్ప మరొకటి లేదు. యతిప్రాసలకు అలవాటుపడిన చెవులు మనవి. ఆ మూడు సకారాలకు బదులుగా మనం ఏదో ఒకటి ఇవ్వాలి.

నా ప్రయత్నం: "వెచ్చని వేసవి వచ్చేది ముందు దక్షిణానికే."

మలి సమాధానం

నా సూచనను ఉపసంహరించుకుంటున్నాను. మీ వాక్యమే సరైనది. మూడు వకారాలు మోగడం ఒక కారణం. "వెచ్చని"కీ "వచ్చేది"కీ కుదిరిన పోలిక మరొకటి. అయితే అంతకన్నా పెద్ద గుణం వేరే ఉంది. తెలుగులో ఎవరూ వేసవిని వెచ్చనిదనరు. మండే వేసవి అంటారు, మాడ్చే వేసవి అంటారు. వెచ్చదనాన్ని దుప్పటికీ, పాలకూ, తల్లి ఒడికీ దాచుకుంటారు. ఆ రెండు మాటలు పక్కపక్కన కనబడగానే పాఠకుడు ఒక్క క్షణం ఆగి, ఇది మనకు తెలిసిన వేసవి కాదని తనంతట తానే గ్రహిస్తాడు. పాదసూచిక చేయవలసిన పనిని ఒక విశేషణం చేసింది. ఊరిని మార్చలేదు, ఋతువును మార్చలేదు, ఎక్కడో ఒక చలిదేశం ఉందని మాత్రం తెలిసిపోయింది.

పిల్లవాడి గొంతు ఒక్కటి మిగిలింది. "కాజ్" అనేది "బికాజ్" అన్న మాటకు పసినోటి రూపం. దాన్ని "కాబట్టి" అంటే పిల్లవాడు ఒక్కసారిగా గుమాస్తా అయిపోతాడు. మనకు ఆ పని వాక్యం చివరి "గా" చేస్తుంది. "నేను రద్దీకి ముందే సెలవులకు వెళ్తున్నా. వెచ్చని వేసవి ముందొచ్చేది దక్షిణానికేగా!" అంటే, ఆ "గా"లో "నాకు తెలుసులే" అన్న ధీమా కూడా వచ్చేస్తుంది. "రద్దీకి ముందే" అన్నది మూలంలో లేదు. అయినా మీ అమ్మగారి అనుమానం ఎక్కడ పుట్టిందో ఆ చోటనే ఇది అడ్డుపడుతుంది కనుక ఆ చొరవ తీసుకోవచ్చుననుకుంటున్నాను.

ప్రశ్న వేసిన వ్యక్తి

ఇద్దరికీ కృతజ్ఞతలు. "రద్దీకి ముందే" అన్నది పిల్లవాడి నోట పెట్టకుండా, వాక్యానికి ముందు వచ్చే వర్ణనలో చెబుతాను. పిల్లవాడికి రైల్వేవారి రద్దీ లెక్కలు తెలియవు కదా. మిగిలినదంతా మీరు చెప్పినట్టే ఉంచుతాను. సాయంత్రం మళ్ళీ అమ్మకు చదివి వినిపించాను. "అంటే వాళ్ళ ఊళ్ళో చలి ఎక్కువా?" అని అడిగింది.

నా జాబితాలో ఇంకొక వాక్యం ఉంది. జాన్ హాసల్ 1908లో గీసిన స్కెగ్‌నెస్ పోస్టరు యుద్ధాల మధ్య కాలం వరకూ జనం నోట నిలిచింది. ఇసుక మీద చేతులు చాచి గంతులేస్తున్న లావుపాటి జాలరి బొమ్మ అది, వాక్యం "స్కెగ్‌నెస్ ఈజ్ సో బ్రేసింగ్." ఉత్తర సముద్రం మీదుగా వచ్చే చలిగాలి ఒంటిని బిగదీసి హుషారెక్కిస్తుందని దాని భావం. "గాలి మార్పు" అంటే జబ్బుమనిషి గుర్తుకు వస్తాడు, "చలిగాలి" అంటే కంబళి గుర్తుకు వస్తుంది. "ఒళ్ళు ఝల్లుమనే గాలి" అని ప్రస్తుతానికి రాసుకున్నాను కాని, ఝల్లుమనడంలో భయం పాలు ఎంతో, ఉత్సాహం పాలు ఎంతో తేల్చుకోలేకపోతున్నాను. కోస్తాలో తెల్లవారుజామున పడవ దించే బెస్తవారి వాడుకలో అలాంటి గాలికి వేరే పేరు ఏదైనా ఉంటే, ఆ ఊళ్ళ సభ్యులు దయచేసి ఇక్కడ రాయగలరు.