ఒకటే ఫోన్, 42 మంది పిల్లలు: క్లాసులో క్విజ్ గేములు ఆడించడం ఎలా?

పీఎస్_ఎనిమిది:
జడ్పీ హైస్కూల్, ఎనిమిదో తరగతి, 42 మంది. గదిలో ఐఎఫ్‌పీ (గోడకుండే పెద్ద టచ్ స్క్రీన్ ప్యానెల్) ఉంది, నెట్ మాత్రం నా ఫోన్ హాట్‌స్పాట్‌దే. పిల్లలను ఫోన్లు తేనివ్వం. వీడియో వేస్తే కళ్లార్పకుండా చూస్తారు, ఆపి ప్రశ్న అడిగితే ముందు బెంచీలో నలుగురే చేతులెత్తుతారు. ‘బలం, పీడనం’, ‘ఘర్షణ’ పాఠాలకు అందరూ జవాబు చెప్పేలాంటి ఆట ఏదైనా కావాలి. కహూట్ అనే ఆన్‌లైన్ క్విజ్ గేమ్ బాగుంటుందంటున్నారు కానీ మా ల్యాబులో పనిచేసే సిస్టమ్స్ పదే. ఏం చేయొచ్చు?

ప్యానెల్_మిత్ర:
మేడం, మీ పరిస్థితికి కహూట్ కాదు, ప్లికర్స్ అనే యాప్ సరిపోతుంది. పిల్లల చేతిలో కాగితం కార్డు, మీ చేతిలో ఫోన్, అంతే.

కార్డు మీద నల్లటి చదరపు డిజైన్ ఉంటుంది, నాలుగు అంచుల దగ్గర ఏ, బీ, సీ, డీ అని చిన్నగా ఉంటుంది. తన జవాబు ఉన్న అంచు పైకి వచ్చేలా కార్డు తిప్పి పట్టుకుంటే ఫోన్ కెమెరా చదువుకుంటుంది. ఒక్కో కార్డు డిజైన్ వేరు కాబట్టి పక్కవాడి కార్డు చూసి తిప్పినా లాభం లేదు.

మామూలు సెట్‌లో 40 కార్డులే. మీకు 42 మంది కాబట్టి 63 కార్డుల సెట్ డౌన్‌లోడ్ చేసుకోండి. కార్డు నంబరూ రోల్ నంబరూ ఒకటే ఉండేలా క్లాస్ లిస్టు చేస్తే పంచేటప్పుడు గందరగోళం ఉండదు. మందపాటి కాగితం మీద ప్రింట్ తీయించండి. మెరిసే ల్యామినేషన్ మాత్రం వద్దు. ట్యూబ్‌లైట్ వెలుగు దాని మీద పడి డిజైన్‌లో సగం తెల్లగా కనిపిస్తుంది, ఎన్నిసార్లు తిప్పినా స్కాన్ కాదు. చేయించాలనుకుంటే మ్యాట్ అని అడగండి. కత్తిరించేటప్పుడు డిజైన్ చుట్టూ తెల్ల అంచు వదలాలి.

వెనక బెంచీ కార్డులు పడటం లేదంటే చాలాసార్లు కారణం దూరం కాదు. వేళ్లు నలుపు మీదకు వస్తుంటాయి, లేదా కార్డు వంగి ఉంటుంది, లేదా వాళ్ల వెనక కిటికీలోంచి ఎండ కెమెరాలోకి కొడుతుంటుంది. రెండు చేతులతో అంచులు పట్టుకుని ముఖం ముందు నిటారుగా పెట్టమనండి. ఫోన్‌ను గబగబా ఊపకుండా ఎడమ నుంచి కుడికి మెల్లగా తిప్పితే చాలు.

ప్యానెల్ బ్రౌజర్‌లో ప్లికర్స్ లైవ్ పేజీ తెరిచి ఉంచితే ఎవరెవరి జవాబు చేరిందో కనిపిస్తుంది. గ్రాఫ్, సరైన జవాబు మీరు చూపించినప్పుడే రావాలి. ముందే గ్రాఫ్ కనిపిస్తే పొడుగు గీత ఎటుంటే కార్డులన్నీ అటే తిరుగుతాయి.

ఇక ప్రశ్న. గుర్తుపెట్టుకుని చెప్పేది వద్దు. ఇలాంటిది పెట్టండి: ‘ఆగి ఉన్న లారీని రామయ్య తోస్తున్నాడు, అది కదలడం లేదు. ఘర్షణ బలం అతను తోసే బలం కంటే – ఏ. ఎక్కువ, బీ. తక్కువ, సీ. సమానం’. కదల్లేదు కాబట్టి ఘర్షణే ఎక్కువ అని చాలామంది ‘ఏ’ పెడతారు. సరైనది సీ. హార్వర్డ్ ఫిజిక్స్ ప్రొఫెసర్ ఎరిక్ మజూర్ 1990ల నుంచి వాడుతున్న పద్ధతి ఇక్కడ బాగా పనికొస్తుంది. సరైన జవాబు 30 నుంచి 70 శాతం మధ్య వస్తే జవాబు చెప్పకుండా, వేరే జవాబు పెట్టినవాళ్లను పక్కపక్కన కూర్చోబెట్టి రెండు నిమిషాలు వాదించుకోనిచ్చి మళ్లీ ఓటు వేయించాలి. 30 కంటే తక్కువైతే వాదన దండగ, పాఠమే మళ్లీ చెప్పాలి. ఇలా చేస్తే పీరియడ్‌కు మూడు ప్రశ్నలు దాటవు, దాటాల్సిన పనీ లేదు.

ఆ తర్వాత ఫెట్ (PhET) సిమ్యులేషన్లలో, అంటే తెర మీద చేసి చూసే సైన్సు ప్రయోగాల్లో, ‘ఫోర్సెస్ అండ్ మోషన్: బేసిక్స్’ తెరిచి ఫ్రిక్షన్ స్క్రీన్‌లో తోసే బలం కొద్దికొద్దిగా పెంచండి. పెట్టె కదిలేదాకా తోసే బలం, ఘర్షణ బలం చూపే రెండు బాణాలూ సమానంగా పెరుగుతాయి. ‘వాల్యూస్’ టిక్ చేస్తే అంకెలు కూడా కనిపిస్తాయి. ఇంట్లో డౌన్‌లోడ్ చేసి పెన్‌డ్రైవ్‌లో తెస్తే నెట్ లేకుండానే నడుస్తుంది.

లెక్కల_బడి:
పై సార్ చెప్పినదానికి రెండు మాటలు కలుపుతాను.

ల్యాబులో కహూట్ పెట్టాలనుకుంటే టీమ్ మోడ్‌లో సిస్టమ్‌కు నలుగురు చొప్పున కూర్చోబెట్టొచ్చు, రెండు జట్లలో ఐదుగురు. చిక్కు మార్కుల దగ్గర వస్తుంది. సరైన జవాబుకు 1000 పాయింట్లు, ఆలస్యమైన కొద్దీ సగం దాకా తగ్గుతాయి. 20 సెకన్ల ప్రశ్నకు 2వ సెకనులో నొక్కితే 950, ఆలోచించి 18వ సెకనులో నొక్కితే 550. తెలుగు నిదానంగా చదివే పిల్లాడు లెక్క వచ్చినా వెనకబడిపోతాడు. సమయం 60 లేదా 90 సెకన్లు పెట్టండి, కొత్త పాఠానికైతే పాయింట్లే తీసేయండి.

రెండోది టైపింగ్. పాత ప్రశ్నపత్రాలు ‘అను’ అనే డీటీపీ ఫాంట్‌లో ఉంటే అక్కడి నుంచి కాపీ చేసి పెట్టకండి, తెర మీద పిచ్చి గీతలు వస్తాయి. యూనికోడ్‌లోకి (ఫోన్లలో, వెబ్‌సైట్లలో వాడే తెలుగులోకి) మార్చాలి, లేదంటే ఫోన్‌లో నేరుగా టైప్ చేయాలి. పైగా ఇలాంటి యాప్‌లలో ప్రశ్నకు అక్షరాల పరిమితి ఉంటుంది. మన గుణింతాలు, వత్తులు అన్నీ విడివిడిగా లెక్కలోకి వస్తాయి. ‘స్త్రీ’ మనకు ఒక్క అక్షరం, దానికి ఆరు. కాబట్టి పెద్ద ప్రశ్నను బొమ్మగా పెట్టి కింద ‘ఏది సరైనది?’ అని మాత్రం రాయండి.

పీఎస్_ఎనిమిది:
ఇద్దరికీ థాంక్స్ అండి. హాట్‌స్పాట్ అసలు పనిచేయని రోజు సంగతేంటి? ఇంకొకటి, పిల్లలే గేమ్ తయారు చేసేలా స్క్రాచ్ (బ్లాకులు పేర్చి ప్రోగ్రాం రాసే సాఫ్ట్‌వేర్) వాడొచ్చా?

లెక్కల_బడి:
నెట్ లేని రోజుకు పవర్‌పాయింట్‌లో 25 గళ్ల క్విజ్ బోర్డు చేసుకోండి, ఒక్కో గడి నుంచి ప్రశ్న స్లైడుకు లింకు. ప్యానెల్ మీద ఎక్కడ చెయ్యి తగిలినా తర్వాతి స్లైడుకు దూకుతుంది. అది ఆగాలంటే సెటప్ స్లైడ్ షోలో ‘కియోస్క్’ ఎంచుకోండి, లింకులు మాత్రమే పనిచేస్తాయి. ప్రతి ప్రశ్న స్లైడులో వెనక్కి వెళ్లే బటన్ మర్చిపోతే మాత్రం అక్కడే ఇరుక్కుంటారు. లింకును గడి ఆకారానికి కాకుండా అందులోని అంకెకు ఇస్తే, అయిపోయిన ప్రశ్న అంకె రంగు దానంతటదే మారుతుంది.

బ్లాకుల_పంతులు:
స్క్రాచ్ భేషుగ్గా వాడొచ్చు, ఇన్‌స్టాల్ చేశాక నెట్ అక్కర్లేదు. మొదటి రోజే పెద్ద గేమ్ వద్దు. ఘర్షణకు ఒక బంతి చాలు.

‘వేగం’ అని వేరియబుల్ (విలువ దాచుకునే పేరు) చేసి, ప్రోగ్రాం మొదలయ్యే గ్రీన్ ఫ్లాగ్ బ్లాకు కింద దాన్ని 10కి, బంతి ఎక్స్ విలువను -200కి సెట్ చేయాలి. తర్వాత లూప్‌లో ఎక్స్‌ను వేగమంత మార్చి, వేగంలోంచి 0.2 తీసేయాలి. బంతి 255 స్టెప్పులు దొర్లి ఆగుతుంది. 0.2 బదులు 0.5 పెడితే 105, 1 పెడితే 55. గచ్చు, మట్టి, ఇసుక అని పిల్లలే పేర్లు పెట్టుకుంటారు. 0.1 పెడితే 505 స్టెప్పులు కావాలి, స్టేజీ వెడల్పు 480 మాత్రమే కాబట్టి బంతి అంచుకు వెళ్లి ఆగిపోతుంది. ఎందుకలా అని వాళ్లనే లెక్క కట్టమనండి.

ప్రతి జట్టుకూ తగిలే తప్పు ఒకటుంది: బంతి ఆగకుండా వెనక్కి దొర్లుతుంది. వేగం సున్నా దాటి మైనస్‌లోకి వెళ్లడమే కారణం. ‘రిపీట్ అంటిల్ వేగం = 0’ అని రాసినా కుదరకపోవచ్చు, ఎందుకంటే దశాంశాలు తీసేస్తూ పోతే కంప్యూటర్‌లో కచ్చితంగా సున్నా తగలదు. ‘వేగం < 0.1’ అని రాయించండి.

తర్వాత స్కోరు ఉన్న గేమ్‌కు వెళ్తే ఇంకో తప్పు ఎదురవుతుంది. ఆగకుండా తిరిగే ‘ఫరెవర్’ లూప్‌లో ‘పండు తగిలితే స్కోరు 1 పెంచు’ అని పెడితే, తగిలి ఉన్నంతసేపూ సెకనుకు 30 సార్ల దాకా పెరిగిపోతుంది. స్కోరు పెంచిన వెంటనే పండును ‘ర్యాండమ్ పొజిషన్’కు పంపేయాలి.

సిస్టమ్ దగ్గర నలుగురుంటే మౌస్ ఒకరి చేతిలోనే ఉండిపోతుంది. పది నిమిషాలకోసారి బెల్లు కొట్టి మార్పించండి. మౌస్ పట్టుకున్నవాళ్లు సొంతంగా ఏమీ చేయకూడదు, మిగతావాళ్లు చెప్పిన బ్లాకే లాగాలి అని ముందే చెప్పి పెట్టండి.